చర్మం బిగిసినప్పుడు మూత్రపిండాలను మరువరాదు

'అన్నీ మామూలుగానే ఉన్నాయి' అనే మాటను మన సంస్థ ఆసుపత్రిలో వైద్యుడిగా పనిచేసిన కాలంలో నేను కొన్ని వేలసార్లు పలికి ఉంటాను. ఆ మాట మందుకన్నా ముందు పనిచేస్తుంది. అది విని తేలికపడిన మనసుతో ఇంటికి వెళ్లినవారే ఎక్కువ. అయితే ఒకసారి ఆ మాట నా నోట తొందరపడి వచ్చింది. ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక అమ్మాయి తన నోటుపుస్తకం తెరిచి నన్ను సరిదిద్దింది. ఆ సంఘటనను ఆ కుటుంబం అనుమతితో, పేర్లు చెప్పకుండా ఇక్కడ వివరిస్తున్నాను. అరుదైన వ్యాధి కదా, మనకెందుకు అని పాఠకులు పుట తిప్పివేయవద్దని మనవి. ఇందులోని నీతి ఒక్క వ్యాధికి పరిమితమైనది కాదు.

ఆనాడు జరిగినది

ఆమె మన యంత్రశాలలో పనిచేసే ఒక సహోద్యోగి భార్య. వయసు 42 సంవత్సరాలు. అంతకు ముందటి చలికాలంలో, తెల్లవారుజామున చన్నీళ్లలో చేయి పెట్టగానే వేళ్లు సుద్దముక్కల వలె తెల్లబడేవి. కొంతసేపటికి నీలంగా మారి, ఆ పిమ్మట ఎర్రబడి మంట పుట్టేవి. తరువాత వేళ్లు ఉబ్బినాయి. ఉంగరం బిగుసుకుపోయి కంసాలి చేత కోయించవలసి వచ్చింది. ఎనిమిది మాసాలు గడిచేసరికి చేతులు, ఛాతీ, ముఖం మీది చర్మం గట్టిపడి, వేళ్లతో పట్టి పైకి లేపడానికి కూడా వీలులేకుండా అయింది. నోరు పూర్తిగా తెరుచుకోక అన్నం ముద్దలు చిన్నవి చేసుకుని తినేది.

నగరంలోని కీళ్లవ్యాధుల నిపుణులు పరీక్షించి, ఇది 'సిస్టమిక్ స్క్లెరోసిస్' అని నిర్ధారించారు. వారానికి మూడుసార్లు రక్తపోటు చూసి ఒక పుస్తకంలో రాసుకోమని చెప్పి పంపారు. తండ్రికి షిఫ్టు డ్యూటీలు. అందువల్ల ఆ బాధ్యత కూతురు తీసుకున్నది. ఇంతలో కీళ్లనొప్పులు ఎక్కువై, బంధువుల సలహా మీద మరొక చోట చూపించుకోగా, రోజుకు 20 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ మాత్రలు ఇచ్చారు. రెండు మాసాలుగా ఆమె వాటిని వాడుతున్నది. ఆ సంగతి నిపుణులకు తెలియదు. నేనూ అడగలేదు.

ఆ రోజు ఆమె నాలుగు రోజులుగా తలనొప్పి, నీరసం అంటూ వచ్చింది. రక్తపోటు 136/86. మూత్రంలో మాంసకృత్తులు లేశమాత్రం. రక్తంలో క్రియాటినిన్ 1.0, మా ప్రయోగశాల కాగితం మీద అచ్చువేసిన గరిష్ఠ పరిమితి 1.1. "అన్నీ మామూలుగానే ఉన్నాయమ్మా, తలనొప్పికి మాత్ర రాస్తాను" అన్నాను.

పక్కనే నిలబడిన అమ్మాయి, "డాక్టరుగారూ, అమ్మకు ఎప్పుడూ నూటఆరు దాటదండీ. ఈ వారం చూసిన ప్రతిసారీ పెరుగుతూనే ఉంది" అని పుస్తకం నా ముందుంచింది. గీతలు గీసిన పేజీలలో తేదీలవారీగా అంకెలు. మూడు మాసాలపాటు 100 నుంచి 106 మధ్య పై అంకె, 62 నుంచి 68 మధ్య కింది అంకె. చివరి వారంలో 116/74, 124/80, 130/84. వెనుక అట్టకు పాత రక్తపరీక్ష కాగితం అంటించి ఉంది. అందులో క్రియాటినిన్ 0.7.

నేను రాస్తున్న చీటీని పక్కన పెట్టాను.

వ్యాధి స్వరూపం

'స్క్లెరోడెర్మా' అనే పేరు గ్రీకు భాష నుంచి వచ్చింది. గట్టిపడిన చర్మం అని దాని అర్థం. చర్మంతోపాటు లోపలి అవయవాలకు కూడా వ్యాపించే రకాన్ని సిస్టమిక్ స్క్లెరోసిస్ అంటారు. ఇది అంటువ్యాధి కాదు. మన రక్షణకు ఉన్న రోగనిరోధక వ్యవస్థ దారితప్పి సొంత శరీరంపైనే తిరగబడటం, సన్నని రక్తనాళాల లోపలి పొర దెబ్బతినడం, నారవంటి కణజాలం అవసరానికి మించి పేరుకుపోవడం అనే మూడు ప్రక్రియలు ఇందులో కలిసి నడుస్తాయి. పురుషులకన్నా స్త్రీలలో ఇది అనేక రెట్లు ఎక్కువ. 30 నుంచి 50 సంవత్సరాల మధ్య, అనగా సంసార భారమంతా నెత్తిన ఉన్న వయసులో తరచుగా బయటపడుతుంది.

చలికి వేళ్లు తెల్లబడే లక్షణాన్ని 1862లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు మారిస్ రేనో వర్ణించాడు. నేటికీ అది ఆయన పేరుతోనే పిలువబడుతున్నది. ఈ లక్షణం ఉన్న ప్రతివారికీ స్క్లెరోసిస్ ఉన్నట్లు కాదు. అత్యధికులలో అది కేవలం చలికి రక్తనాళాలు అతిగా ముడుచుకోవడం మాత్రమే. కాని దానికి తోడు వేళ్ల వాపు, చర్మం బిగుసుకోవడం, వేళ్ల కొనలపై పుండ్లు, మింగడంలో కష్టం వంటివి చేరితే వైద్యుని వద్దకు వెళ్లడంలో ఆలస్యం కూడదు.

ఈ వ్యాధిలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. మొదటిది పరిమిత రకం. ఇందులో చర్మం బిగువు ముఖానికీ, మోచేతుల నుంచి వేళ్ల వరకూ, మోకాళ్ల నుంచి పాదాల వరకూ మాత్రమే ఉంటుంది. రెండవది విస్తృత రకం. ఇందులో బిగువు భుజాలకు, తొడలకు, ఛాతీకి, పొట్టకు వేగంగా పాకుతుంది. మూత్రపిండాలకు ప్రమాదం ప్రధానంగా ఈ రెండవ రకంలోనే.

మూత్రపిండాలలో జరిగేది

గుండె పంపే రక్తంలో సుమారు అయిదవ వంతు మూత్రపిండాలకే వెళుతుంది. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల వడపోత ఘటకాలున్నాయి. రెండూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో చాలా భాగాన్ని తిరిగి రక్తంలోకి పంపి, లీటరు, లీటరున్నర మాత్రమే మూత్రంగా వదులుతాయి. ఇంతటి శ్రమకు నిరంతరం రక్తం ప్రవహిస్తూ ఉండాలి.

స్క్లెరోసిస్‌లో మూత్రపిండపు చిన్న ధమనుల లోపలి పొర మందమవుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఉల్లిపాయను అడ్డంగా కోసినట్లు పొరలు పొరలుగా కనిపిస్తుంది. మార్గం ఇరుకై రక్తప్రవాహం తగ్గుతుంది. రక్తం చాలడం లేదని భావించిన మూత్రపిండం 'రెనిన్' అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. దానివల్ల 'యాంజియోటెన్సిన్' తయారవుతుంది. అది రక్తనాళాలను మరింత బిగించి రక్తపోటును పెంచుతుంది. బిగిసిన నాళాలలో ప్రవాహం ఇంకా తగ్గుతుంది; రెనిన్ ఇంకా పెరుగుతుంది. గానుగెద్దు వలె తిరిగే ఈ విషవలయం వేగం పుంజుకుంటే, కొద్ది రోజులలోనే రక్తపోటు తారస్థాయికి చేరి, మూత్రపిండాలు పనిచేయడం మానివేస్తాయి. దీనినే వైద్యులు 'స్క్లెరోడెర్మా మూత్రపిండ సంక్షోభం' అంటారు. 1952లో మూర్, షీహన్ అనే ఇద్దరు వైద్యులు ముగ్గురు రోగుల మరణానంతర పరీక్షల ఆధారంగా ఈ మూత్రపిండ వ్యాధిని స్పష్టంగా వివరించారు.

సంక్షోభం ఒక ముఖం మాత్రమే. రెండవ ముఖం నిశ్శబ్దమైనది. రక్తపోటు, క్రియాటినిన్ రెండూ బాగానే ఉన్న రోగులలో కూడా డాప్లర్ స్కానింగులో మూత్రపిండ రక్తనాళాల బిగువు ఎక్కువగా కనబడవచ్చు. ఆరోగ్యవంతునికి మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న ఆహారం ఇస్తే మూత్రపిండాలు తమ వడపోతను కొంత పెంచుకుంటాయి. ఇది వాటి నిల్వబలం. ఈ వ్యాధి ఉన్న కొందరిలో పైకి ఏ లోపమూ లేకున్నా ఆ పెరుగుదల కనిపించదు. నిల్వబలం అప్పటికే ఖర్చవుతున్నదన్న మాట. అయితే ఇటువంటి చిన్న మార్పులు ఉన్నవారందరూ సంక్షోభంలో పడరు. చాలామందిలో అవి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. భయపడటానికి కాదు, కనిపెట్టి ఉండటానికే ఈ సమాచారం.

అంకెల వెనుక నిజం

ఇప్పుడు ఆ నోటుపుస్తకానికి తిరిగి వద్దాం. 136/86 అనే అంకెను విడిగా చూస్తే ఏ వైద్యుడూ కంగారుపడడు. కాని ఆమె సహజమైన రక్తపోటు 104/66. అంటే పై అంకె 32, కింది అంకె 20 పెరిగినాయి. ఈ వ్యాధిలో రక్తపోటు 140/90 దాటడమే కాక, రోగి మామూలు స్థాయి కన్నా పై అంకె 30 గాని, కింది అంకె 20 గాని పెరగడం కూడా ప్రమాద సూచికగానే నిపుణులు పరిగణిస్తారు.

క్రియాటినిన్ సంగతీ అంతే. 0.7 పరిమితిలోనిదే, 1.0 కూడా పరిమితిలోనిదే. కాని 42 ఏళ్ల స్త్రీకి నేటి సూత్రాల ప్రకారం లెక్కకడితే, 0.7 ఉన్నప్పుడు వడపోత వేగం నిమిషానికి సుమారు 110 మిల్లీలీటర్లు, 1.0 ఉన్నప్పుడు సుమారు 72. మూడవ వంతు శక్తి పోయినా కాగితం మీద ఎర్రగీత పడలేదు. పైగా క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే పదార్థం. ఈ వ్యాధిలో చిక్కి శల్యమైనవారికి కండ తక్కువ. అందువల్ల అసలు నష్టం ఇంకా ఎక్కువే ఉండవచ్చు. కాగితం మీద అచ్చువేసిన పరిమితి లోకంలోని అందరి కోసం. రోగికి కావలసింది తన నిన్నటి అంకెతో నేటి అంకెను పోల్చి చూడటం.

ఆ సాయంత్రమే మా అంబులెన్సులో ఆమెను నగరానికి పంపాము. రాత్రికి రక్తపోటు 170/110కు చేరింది. మరో నాలుగు రోజులలో క్రియాటినిన్ 2.6 వరకు పెరిగింది. కాని అప్పటికే సరైన మందు శరీరంలో ప్రవేశించి ఉంది.

పాము విషం నుంచి ప్రాణరక్షణ

ఆ మందు పేరు కాప్టోప్రిల్. దాని పుట్టుక ఒక వింత కథ. బ్రెజిల్ దేశపు అడవులలో జరరాకా అనే విషసర్పం ఉంది. అది కాటువేసిన మనిషికి రక్తపోటు పడిపోతుంది. ఆ విషంలో రక్తనాళాలను సడలించే ఒక దేహపదార్థపు శక్తిని పెంచే గుణం ఉన్నదని 1965లో బ్రెజిల్ శాస్త్రవేత్త సెర్జియో ఫెరీరా వెల్లడించాడు. ఆ జాడను పట్టుకుని అమెరికాలోని స్క్విబ్ సంస్థ శాస్త్రవేత్తలు కుష్మన్, ఒండెట్టి యాంజియోటెన్సిన్ తయారీని అడ్డుకునే మాత్రను రూపొందించారు. 1979లో స్క్లెరోడెర్మా మూత్రపిండ సంక్షోభంలో దానిని వాడి చూసిన ఫలితం వైద్య పత్రికలో వెలువడింది. 1981లో ఆ మందుకు అమెరికాలో అనుమతి లభించింది.

దాని ప్రభావం ఎంతటిదో 1990లో పిట్స్‌బర్గ్ నుంచి వర్జీనియా స్టీన్ బృందం ప్రచురించిన పరిశీలన చెబుతుంది. సంక్షోభానికి గురైన 108 మందిని వారు పరిశీలించారు. ఈ తరగతి మందులు వాడినవారిలో ఏడాది తరువాత జీవించి ఉన్నవారు నూటికి 76 మంది. వాడనివారిలో నూటికి 15 మంది మాత్రమే. 2000 సంవత్సరంలో వెలువడిన మరొక పరిశీలనలో 145 మందికి ఈ మందులు ఇచ్చారు. డయాలిసిస్ ప్రారంభించవలసి వచ్చినవారిలో సగానికి పైగా 3 నుంచి 18 మాసాలలో దాని నుంచి బయటపడగలిగారు. కావున డయాలిసిస్ మొదలైనంత మాత్రాన ఆశ వదులుకోవలసిన పనిలేదు, మందు ఆపకూడదు.

అయితే ఈ మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. ఎక్కువగా దెబ్బతిన్న తరువాత మొదలైతే ఫలితం తగ్గుతుంది. మొదటి రోజులలో క్రియాటినిన్ కొంత పెరిగినా, ఈ సంక్షోభంలో వైద్యులు మందును కొనసాగిస్తారు. ఇంట్లోవారు కంగారుపడి మానిపించరాదు.

మరి ముందుజాగ్రత్తగా అందరూ ఈ మాత్ర వేసుకుంటే సరిపోదా అని కొందరు అడుగుతారు. అలా చేస్తే సంక్షోభం రాకుండా ఆగుతుందని రుజువు కాలేదు. 2014లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ పరిశీలనలో, సంక్షోభానికి ముందే ఈ తరగతి మందు వాడుతున్నవారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. రక్తపోటు పెరుగుదలను మందు కప్పిపుచ్చడం వల్ల గుర్తింపు ఆలస్యమవుతుందేమోనని కొందరు నిపుణుల అభిప్రాయం. ఇతర కారణాలకు ఈ మందు వాడుతున్నవారు తమంతట తాము మానరాదు, వైద్యుని అడగాలి.

ఎవరికి ముప్పు ఎక్కువ?

విస్తృత రకం వారిలో మొదటి నాలుగేళ్లు అత్యంత కీలకమైనవి. సంక్షోభాలలో అధికభాగం ఆ కాలంలోనే వస్తాయి. చర్మం వేగంగా గట్టిపడుతున్నవారు, రక్తంలో 'ఆర్.ఎన్.ఏ. పాలిమరేజ్-3' ప్రతిరక్షకాలు ఉన్నవారు, కొత్తగా రక్తహీనత ఏర్పడినవారు, గుండె చుట్టూ నీరు చేరినవారు మరింత జాగ్రత్త వహించాలి.

ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ మందులు రోజుకు 15 మిల్లీగ్రాములు, అంతకు మించి వాడినవారిలో ఈ సంక్షోభం ఎక్కువగా వచ్చినట్లు 1998లో వెల్లడైంది. మన సహోద్యోగి భార్య వాడినది 20 మిల్లీగ్రాములు. అయితే స్టెరాయిడ్ మాత్రలను అకస్మాత్తుగా ఆపడం కూడా ప్రమాదకరమే. వాడుతున్న సంగతి నిపుణులకు చెప్పి, వారి సలహా ప్రకారమే తగ్గించుకోవాలి. దుకాణంలో అడిగి కొనుక్కునే నొప్పి మాత్రలు కూడా మూత్రపిండాలకు చేటు చేయగలవు.

మన వంటి సంస్థల ఉద్యోగులు గమనించవలసిన మరొక విషయం ఉంది. 1914లోనే ఎడిన్‌బరోలో బ్రామ్‌వెల్ అనే వైద్యుడు రాళ్లు చెక్కేవారిలో ఈ వ్యాధిని గుర్తించాడు. 1957లో ఎరాస్మస్ అనే వైద్యుడు దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికులలో దీనిని వర్ణించాడు. రాతిధూళిలోని సిలికా ఊపిరితిత్తులకే గాక, ముఖ్యంగా పురుషులలో ఈ వ్యాధికి కూడా ఒక కారణం కాగలదని ఆ తరువాతి పరిశోధనలు బలపరిచాయి. గనులలో, క్రషర్ల వద్ద, ఇసుకతో లోహాన్ని శుభ్రపరిచే చోట పనిచేసేవారు ముక్కుకు మాస్కును అలంకారంగా మెడలో వేలాడదీయక సక్రమంగా ధరించాలి. వేళ్లు తెల్లబడుతున్నా, చర్మం బిగుస్తున్నా వార్షిక వైద్య పరీక్ష కోసం ఎదురుచూడక వెంటనే చెప్పాలి.

ఇంట్లో చేయవలసినవి

ఈ వ్యాధి ఉన్నవారి ఇంట్లో, ముఖ్యంగా మొదటి నాలుగైదేళ్లలో, ఈ జాగ్రత్తలు తప్పనిసరి:

1. చేతికి పట్టీ చుట్టి కొలిచే రక్తపోటు యంత్రం ఒకటి కొనుక్కోండి. అయిదు నిమిషాలు కూర్చుని విశ్రాంతి తీసుకున్న తరువాత, వారానికి కనీసం రెండు మూడుసార్లు కొలిచి తేదీతో రాయండి.

2. మొదటి రెండు వారాల అంకెలను చూసి, మామూలు స్థాయి ఎంతో వైద్యునితో నిర్ణయింపజేసుకుని పుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకోండి.

3. దానికన్నా పై అంకె 30 గాని, కింది అంకె 20 గాని పెరిగినా, 140/90 దాటినా కొద్దిసేపటి తరువాత మరొకసారి కొలవండి. అలాగే ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. మరుసటి సోమవారం వరకు ఆగవద్దు.

4. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఆయాసం, మూత్రం తగ్గడం, మూర్ఛ వస్తే అంకె ఏదైనా సరే వెంటనే వెళ్లాలి. సంక్షోభం వచ్చినవారిలో సుమారు పదింట ఒకరికి రక్తపోటు పెరగకుండానే వస్తుంది.

5. వైద్యుడు చెప్పిన గడువు ప్రకారం, సాధారణంగా మూడు మాసాలకొకసారి, క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించండి. మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి చూపే పరీక్ష మామూలు కాగితపు పట్టీ పరీక్షకన్నా చిన్న లోపాలను పట్టగలదు. పాత కాగితాలను పారవేయవద్దు.

6. ఏ వైద్యుని వద్దకు వెళ్లినా వ్యాధి పేరు, వాడుతున్న మందుల జాబితా చూపండి. కొత్త మాత్ర ఇచ్చినప్పుడు అందులో స్టెరాయిడ్ ఉన్నదా అని అడగడానికి మొగమాటపడవద్దు.

నోటుపుస్తకం విలువ

ఆమెకు డయాలిసిస్ అవసరం రాలేదు. మూడు వారాల తరువాత ఇంటికి తిరిగి వచ్చింది. క్రియాటినిన్ 1.4 వద్ద నిలిచింది. పోయిన శక్తి పూర్తిగా తిరిగి రాలేదు. చర్మం బిగువు కొంత సడలింది గాని, చలికాలం ఇప్పటికీ ఆమెకు కష్టకాలమే. వ్యాధి పోలేదు, ప్రాణం నిలిచింది.

తరువాత ఒకసారి ఆ సహోద్యోగి, "మీరు సమయానికి పంపించారు డాక్టరుగారూ" అని కృతజ్ఞత చెప్పబోయాడు. ఆ మాట తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు. మందు పాము విషం నుంచి వచ్చింది. దాని వాడుకను దేశదేశాల పరిశోధకులు నేర్పారు. కాని ఆ రోజు సమయం కలిసి వచ్చింది మాత్రం గీతల పుస్తకంలో అంకెలు రాసిన ఒక పిల్ల వల్ల. నేను చూసినది ఒక్క అంకె. ఆమె చూసినది మూడు మాసాల అంకెల వరుస.

అప్పటి నుంచి ఏ రోగి వచ్చినా నా మొదటి ప్రశ్న, "మీకు మామూలుగా ఎంత ఉంటుంది?" అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవారు చాలా తక్కువ. రక్తపోటు గాని, మధుమేహం గాని, మరే దీర్ఘవ్యాధి గాని ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆ జవాబు రాసిన పుస్తకం ఒకటి ఉండాలి. దాని ఖరీదు కొద్ది రూపాయలే. రాసే ఓపిక ఉన్నవారు ఇంట్లో ఒక్కరుంటే చాలు.